బొమ్మకారు పందెము

రేడియో తరంగములచే నడచు చిన్న కార్లను సంఘపు పందెములకు సిద్ధపరచు విధమును విన్నవించెదను. జపానులోని టమియా సంస్థ 2013లో వెలువరించిన టీటీ-02 అను చట్రమును ఉదాహరణముగా గైకొందము. పరిమాణము అసలు కారులో పదియవ వంతు. విడిభాగములు పెట్టెలో వచ్చును, కొన్నవారే బిగించుకొనవలెను.

క్రొత్తవారు మొదట బలమైన మోటారు కొనుటకు త్వరపడుదురు. అది వృథావ్యయము. సాదా బుషింగులు తీసి బాల్ బేరింగులు వేసిన రాపిడి తగ్గి, బ్యాటరీ శక్తి చక్రములకు చేరును. పిమ్మట నూనె డాంపర్లు అమర్చిన గతుకులపై బండి యెగురక, టైరు నేలనంటి యుండును.

ఇక పండ్లచక్రములు. మోటారు ఇరుసుపై 22 పండ్లది, దానితో కలియునది 70 పండ్లది. మొదటిదానిని పెద్దది చేసిన తుదివేగము హెచ్చును. కాని బండి అందుకొనుట మందగించి, మోటారు కాగును. మరీ పెద్దదైన మాడిపోవును. మలుపులు మెండుగా గల బాటకు చిన్నదే మేలు.

ఒక్కమారు ఒక్కటే మార్చి, పది చుట్లు నడిపి, పట్టిన కాలమును వ్రాసికొనవలెను. రెండు కలిపి మార్చినవాడు దేనివలన మేలు కలిగెనో యెరుగడు. వ్యాకరణమునందును నేను ఒక సూత్రము నిలిచినపిమ్మటనే రెండవది చెప్పెడివాడను.

కావున మీ మనుమడు క్రొత్త మోటారునకు సొమ్మడిగినచో, ముందుగా ఆ కాలముల పట్టిక చూపుమనుడు.