ఒక్క యంకెకు లొంగని పిల్లలు

విశాఖపట్టణమున మే మెఱిగిన పదియేండ్ల బాలుడొకడు గలడు. హౌరానుండి చెన్నపట్టణమునకు బోవు బండ్లలో నేవి యిచ్చటి స్టేషనులోనికి వచ్చి, యింజను మార్చుకొని వెనుదిరిగిపోవునో, యేవి దువ్వాడ మీదుగా నూరిని దప్పించుకొనిపోవునో యతడు తడబడక చెప్పును. రేవు వెలుపల లంగరువేసిన యోడల వరుస నొక్కమాఱు చూచెనా, మఱునాటికిని మఱవడు. ఆ బాలుడే చొక్కాబొత్తాములు పెట్టుకొనలేడు. "నేడు బడిలో నేమి జరిగినది?" అని తల్లి యడుగు ప్రశ్నకు మూడేండ్లుగా బదులు లేదు. ఒక యుపాధ్యాయుడు వానిని మొండివాడనెను. మఱియొకడు మందమతి యనెను. మేనమామ మాత్రము తమ యింట నేకసంథాగ్రాహి పుట్టినాడని మురిసిపోయెను. మువ్వురును పొరబడిరని మా యభిప్రాయము.

వైద్యులు దీనికి ఆటిజమని పేరిడిరి. 1943లో అమెరికాలోని బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల చరిత్రలను ప్రకటించినప్పుడే యీ యెగుడుదిగుడు కంటబడినది. అందు మొదటి బాలుడు రెండేండ్లు నిండకమునుపే ముఖములను, పేర్లను అసాధారణముగా జ్ఞప్తియం దుంచుకొనెడివాడు. కాని వానికి "అవును" అను మాట నేర్పుటకై తండ్రి "భుజములమీద నెక్కించుకొందునా?" అని యొకమాఱు అడిగెను. దానితో ఆ మాటకు భుజములమీద నెక్కించుకొనుమనియే యర్థమని బాలుడు చాలకాలము భావించెను.

జ్ఞాపకశక్తి యన్నచో తెలుగువారికి మొదటినుండియు మక్కువ. అవధానసభలకు బండ్లు గట్టుకొనిపోయిన జాతి మనది. కావున పిల్లవాడు వల్లించుట విన్నంతనే తక్కిన విద్యలన్నియు దానివెంట వచ్చునని నమ్ముదుము. ఈ పిల్లల విషయమున నట్లు రావు. మన లిపి కూడ నిచ్చట నొక మోసము చేయును. పలికినట్లే వ్రాయుదుము, వ్రాసినట్లే చదువుదుము. అక్షరములు పట్టుబడిన బాలుడు వాచకమును గడగడ చదివివేయును. అర్థమైనదో లేదో వినువారికి తెలియదు. "కాకి కుండలో గులకరాళ్లెందుకు వేసినది?" అని యడిగినప్పుడుగాని లోటు బయటపడదు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి వాచకము చదివించుకొని సంతోషముతో వెడలిపోయిన బడులలో నిట్టి పిల్లలెందఱు మిగిలిపోయిరో!

1983లో ఇంగ్లండున అమిత షా, ఊటా ఫ్రిత్ అను విదుషీమణులు, పెద్దబొమ్మలో దాగిన చిన్న యాకారమును వెదకుటలో నీ పిల్లలు తమతో సమానమైన మానసికవయస్సుగల తక్కినవారిని మించుదురని చూపిరి. 2007లో మిషెల్ డాసన్, లారాన్ మోట్రాన్ మొదలగువారు ప్రకటించిన పరిశోధన మఱింత ముఖ్యము. వారు 38 మంది పిల్లలను రెండు పరీక్షలకు గుఱిచేసిరి. మాటలతో నెక్కువ ప్రసక్తిగల వెక్స్లర్ పరీక్షలో వచ్చిన స్థానముకంటె, చిత్రములలోని లోటు పూరింపుమను రేవెన్ పరీక్షలో వారి స్థానము నూఱుమెట్ల నిచ్చెనమీద సగటున 30 మెట్లు పైకి బోయినది. ధాన్యమొక్కటియే, కుంచము మాఱినది.

మన కుంచ మెట్టిది? సికింద్రాబాదునందలి జాతీయసంస్థ 2009లో సిద్ధపఱచిన ప్రమాణపత్రమొకటి గలదు. అందు 40 అంశములు. ఒక్కొక్కదానికి ఒకటి మొదలు అయిదువఱకు మార్కులు. మొత్తమెంత హెచ్చినచో వైకల్య మంత హెచ్చని లెక్క. 2016లో కేంద్రప్రభుత్వము యోగ్యతాపత్రముల కొఱకు దీని నంగీకరించినది. ఈ 40లో అసాధారణమైన జ్ఞాపకశక్తి యొకటి! అనగా బండ్లవేళలను వల్లించు మన బాలుని శక్తి యీ పత్రమున దోషముక్రింద కూడికకు వచ్చును. లక్షణమును గుర్తించుటకు ఇది సరియే కావచ్చును. పత్రము చేసినవారిని మేము తప్పుపట్టము. ఆటిజమును కూడ 21 వైకల్యములలో జేర్చిన 2016 నాటి చట్టమువలన, నూటికి 40 పాళ్లు వైకల్యమున్నదని ధ్రువపడిన పిల్లలకు 18 ఏండ్లవఱకు ఉచితవిద్య హక్కు. ఆ ధ్రువీకరణమునకు కొలత యుండవలసినదే. కాని హక్కు నిర్ణయించుటకు బుట్టిన యంకెను పట్టుకొని చదువును నిర్ణయించుట యేమి న్యాయము? తలిదండ్రులు ఆ కాగితమును బడికి దీసికొనిపోగా, అచ్చట మొత్తము మాత్రమే చూచి, "వీనికి చదువు రాదు" అని వెనుక బెంచీ చూపిన సందర్భము మే మెఱుగుదుము.

విపరీతము రెండవవైపునను గలదు. ఆటిజముగల ప్రతి బాలునియందును నిధి దాగియున్నదని కొందఱు తలిదండ్రులు త్రవ్వుచుందురు. అట్టి యద్భుతశక్తి కొందఱికే యుండును. పలువురికి నొక విషయమున తమ తక్కిన శక్తులకంటె కొంత మెఱుగు, అంతమాత్రమే. ఆ కొంతయే యుపాధ్యాయునికి చాలును. బండ్లవేళలు తెలిసిన బాలునకు గంటల తీసివేత రైలుపట్టికతో నేర్పవచ్చును. స్టేషనుల పేర్లతో చేవ్రాత నేర్పవచ్చును. బడి దినచర్యను రైలుపట్టికవలెనే గోడమీద వ్రాసినచో, గంట మ్రోగినప్పుడెల్ల కలుగు కలత తగ్గవచ్చును. బొత్తాములు పెట్టుటను బొమ్మల వరుసగా గీచి చూపవలెను. అయితే తప్పు చేసినపుడెల్ల రైలుపుస్తకమును లాగికొనుట మాత్రము కూడదు. వానికి మిగిలిన దారిని మనమే మూసినట్లగును.

లెబెన్‌షిల్ఫే వంటి సంస్థ లీ నగరమున దశాబ్దములుగా శ్రమించుచున్నవి. సామాన్యపాఠశాలల సంగతి వేఱు. అచ్చట ఏటేట నుపాధ్యాయుడు మాఱును. ఒకరు కనుగొన్నది మఱియొకరికి చేరదు. యోగ్యతాపత్రముతోపాటు, బాలునకు ఏది వచ్చును, ఏది రాదు, ఏ త్రోవను నేర్చుకొనును అని విడివిడిగా వ్రాసిన కాగితమొకటి తరగతినుండి తరగతికి వెళ్లవలెను. దీనికి కొత్తచట్టము గాని, గొప్ప వ్యయము గాని యక్కఱలేదు.

మన బాలుడు రాబోవు జూనులో నాఱవతరగతికి బోవును. బడి క్రొత్తది. తల్లి యీ వేసవిలో నొక నోటుపుస్తకము సిద్ధము చేసినది. మొదటిపుటలో, ప్రశ్న యడిగి పదిలెక్క పెట్టువఱకు నాగవలెనని యున్నది. రెండవపుటలో బండ్ల పేర్లున్నవి. ప్రధానోపాధ్యాయులవారు దానిని చదువుటకు పదినిమిషములు వెచ్చింతురని యామె యాశపడుచున్నది.