దోష నిర్వహణ - కంపైల్ సమయం: గో, రస్ట్ భాషల పరిశీలన

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగం సుమారు 40 సెకన్లలోనే విఫలమైంది. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేటప్పుడు తలెత్తిన దోషాన్ని అక్కడికక్కడే పట్టుకొనే ఏర్పాటు ప్రోగ్రామ్‌లో లేదు. దోషాన్ని గమనించే బాధ్యత ఎవరిది? ప్రోగ్రామరుదా, కంపైలరుదా? ఈ ప్రశ్నకు గో, రస్ట్ భాషలు భిన్నమైన సమాధానాలు ఇచ్చాయి.

గూగుల్‌లో 2007లో గో రూపకల్పన మొదలవడానికి ఒక ముఖ్య కారణం, పెద్ద సి++ ప్రోగ్రామ్‌ల కంపైలింగ్‌కు పట్టే సుదీర్ఘ సమయం. అందుకే వాడని ఇంపోర్టులను, ఒకదానినొకటి వలయంగా ఆశ్రయించే ప్యాకేజీలను ఆ భాష అంగీకరించదు. అంత కఠినమైన కంపైలర్ దోషాల విషయంలో మాత్రం ఉదారంగా ఉంటుంది. గోలో దోషం ఒక సాధారణ విలువ. ఫంక్షన్ దానిని ఫలితంతోపాటు తిరిగి ఇస్తుంది, పిలిచిన చోట 'ఇఫ్' వాక్యంతో పరిశీలించాలి. ఫైలును మూసే ఫంక్షన్ తిరిగి ఇచ్చిన దోషాన్ని స్వీకరించకుండా వదిలేసినా కంపైలర్ అడ్డు చెప్పదు. రాసిన సమాచారం డిస్కుకు చేరకపోయినా ప్రోగ్రామ్ సవ్యంగా ముగిసినట్లే కనిపించవచ్చు.

2015లో తొలి స్థిర రూపం పొందిన రస్ట్‌లో ఫలితం, దోషం రెండూ 'రిజల్ట్' అనే ఒకే టైపులో ఇమిడి ఉంటాయి. దోషం సంగతి తేల్చకుండా ఫలితం చేతికి రాదు. రిజల్ట్‌ను పట్టించుకోకుండా వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది. 2016లో చేరిన ప్రశ్నార్థక చిహ్నం దోషాన్ని అవసరమైన టైపులోకి మార్చి పై ఫంక్షన్‌కు అందజేస్తుంది.

ఈ తనిఖీల వల్లనే రస్ట్ కంపైలింగ్ నెమ్మదిస్తుందన్న అభిప్రాయం పూర్తిగా సరికాదు. జెనరిక్ ఫంక్షన్‌కు వాడిన ప్రతి టైపుకూ విడిగా యంత్ర కోడ్ తయారుచేయడం, దానిని ఎల్‌ఎల్‌వీఎమ్ మెరుగుపరచడం అసలు భారాలు. అయితే రిజల్ట్ కూడా జెనరిక్ టైపే. ప్రశ్నార్థక చిహ్నం చేసే టైపు మార్పిడి ట్రెయిట్‌లపై ఆధారపడినదే. సంక్షిప్తమైన దోష నిర్వహణకూ, కంపైలింగ్ జాప్యానికీ మూలం ఒకే వ్యవస్థలో ఉంది. ఆ వ్యవస్థ లేని రోజుల్లో రూపొందిన గో గ్రంథాలయాలు విడివిడి విలువల పద్ధతికే స్థిరపడ్డాయి. గోలో జెనరిక్స్ 2022లో గాని రాలేదు. అంతకుముందే 2019లో 'ట్రై' ప్రతిపాదన విమర్శల నడుమ ఉపసంహరణకు గురైంది.

రస్ట్‌లో 'కార్గో చెక్' ఆదేశం యంత్ర కోడ్ తయారీని వదిలి, టైపుల తనిఖీ వరకే సాగుతుంది. దోషాల ఊసు ఎత్తని చోట్లు అక్కడే బయటపడతాయి. పరీక్షలు నడపాలంటే మాత్రం పూర్తి కంపైలింగ్ తప్పదు.