గుడ్డు మంచిదే - కోడి ఏం తిన్నది?

పనిలేని చర్చలు చేసేవాణ్ణి ‘కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నాడు’ అంటాం. నెల రోజుల క్రిందట నేను అక్షరాలా ఆ పనికే పూనుకోవలసి వచ్చింది. అయిదో నెల గర్భవతిగా మా చెల్లెలు పుట్టింటికి వచ్చింది. ‘దానికి రోజూ గుడ్డు పెట్టాలిరా. ఫారం గుడ్డు వద్దు, నాటుగుడ్డే తీసుకురా’ అని మా అమ్మ ఆజ్ఞ.

పట్నంలో నాటుగుడ్డు దొరకడం అంత సులభమా? ఒక పెద్ద దుకాణంలో అట్టపెట్టెలో అందంగా అమర్చిన గోధుమరంగు గుడ్లు కనిపించాయి. పెట్టెమీద పచ్చని పొలం, పొలంలో కోడి బొమ్మ. ధర మామూలు గుడ్డుకు మూడింతలు. ఆరోగ్యం కంటే డబ్బు ఎక్కువా అని కొనేశాను. మా వీధిలో వుండే పశువైద్యులు ఆ పెట్టె చూసి నవ్వారు. ‘మాస్టారూ, మీరు డబ్బిచ్చింది గుడ్డుకా, రంగుకా?’ అన్నారు.

పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుందట. ఫారంలో పంజరాల్లో పెరిగే కోళ్ళలోనూ గోధుమరంగు గుడ్లు పెట్టేవి వున్నాయి. పచ్చసొన రంగూ అంతే. మేతలో మొక్కజొన్నో, బంతిపూల పొడో ఎక్కువైతే సొన ఎర్రబడుతుంది. ‘రంగు చూడకండి, కోడి ఏం తిన్నదో, ఎక్కడ తిరిగిందో అడగండి’ అన్నారాయన.

మరి సేంద్రియ గుడ్డు అంటే ఏమిటి? రసాయన ఎరువులూ, పురుగుమందులూ లేకుండా పండించిన మేత తిని, పంజరంలో కాక ఆరుబయట తిరిగే వీలున్న కోడి పెట్టిన గుడ్డు. మామూలు ఫారం పంజరంలో ఒక్కో కోడికి మనం ఉత్తరం రాసుకునే తెల్లకాగితమంత చోటైనా దక్కదు. ఇరుకులో జబ్బులు త్వరగా ప్రాకుతాయి. అందుకని కొన్నిచోట్ల జబ్బు లేకపోయినా మందులు మేతలో కలుపుతారు. అలా వాడగా వాడగా సూక్ష్మజీవులు ఆ మందులకు అలవాటు పడిపోతాయి. రేపు మనిషికి జబ్బు చేస్తే అవే మందులు పనిచెయ్యవు. డాక్టర్లు చివరి అస్త్రంగా దాచుకునే కోలిస్టిన్ అనే మందును పశువులకూ, కోళ్ళకూ వాడరాదని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది ఇందుకే. సేంద్రియ పద్ధతిలో ఇలా ఊరికే మందులు వేయడం కుదరదు. నా మట్టుకు నాకు అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే అనిపించింది.

ఇక పోషణ సంగతి. పచ్చికలో తిరిగి, ఆకూ పురుగూ ఏరుకు తిన్న కోడి గుడ్డులో ‘ఇ’ విటమిన్ రెట్టింపూ, గుండెకు మేలుచేసే ఒమేగా-3 కొవ్వులు రెట్టింపుకు మించీ వున్నట్టు అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు 2010లో వెల్లడించారు. అయితే ఆ గొప్ప పచ్చికది. ముద్ర ఒక్కటే చాలదు. మాంసకృత్తులు మాత్రం ఏ గుడ్డులోనైనా సుమారు 6 గ్రాములే. బి12 విటమిన్, కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు కావలసిన కోలిన్, మామూలు గుడ్డులోనూ పుష్కలంగా వున్నాయి.

కాబట్టి ఖరీదు ఎక్కువని మొత్తానికి గుడ్డే మానేయడం అవివేకం. వారానికి రెండు ఖరీదైన గుడ్లు తినేకంటే రోజుకొక మామూలు గుడ్డు తినడం గర్భిణికి మేలు. డబ్బు పెట్టగలవారు మాత్రం ‘నాటు’, ‘సహజం’, ‘పొలం గుడ్డు’ వంటి తియ్యని మాటలకు లొంగక, సేంద్రియ ఆహారానికి ప్రభుత్వం గుర్తించిన ముద్ర వున్నదో లేదో చూడాలి. మన దేశంలో 2017లో ఇందుకు ‘జైవిక్ భారత్’ అనే గుర్తును ఏర్పరచారు. తెలిసినవారి పెరటి గుడ్లు కొనేవారు ఆ పెరడు కూడా చూడాలి. చెత్త తగలబెట్టే నేలమీద గింజలేరుకున్న కోడి గుడ్డులోకి ఆ విషమూ చేరుతుంది. ఏ గుడ్డయినా సొన గట్టిపడేదాకా ఉడికించాలి. విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవికి సేంద్రియమూ, ఫారమూ అనే భేదం లేదు.

ఇదంతా విని మా అమ్మ కాసేపు ఆలోచించింది. ‘అయితే ఆ పెట్టె గుడ్లు ఇక తేకు. కోళ్ళ ఫారం గుడ్లే తాజావి చూసి తే. ఆదివారం పూట మన ఊరు వెళ్ళి పెద్దమ్మ దొడ్లో గుడ్లు తీసుకురా, దాని కోళ్ళు ఏం తింటాయో నాకు తెలుసు’ అన్నది. ఎమ్మే చదివిన నాకు పట్టని సంగతి ఆవిడకు ఒక్కమాటలో పట్టింది. నమ్మవలసింది పెట్టెమీది బొమ్మను కాదు, కోడిని పెంచే చేతిని.