హెడ్‌లైట్ స్విచ్ వేడెక్కుతోందా? పాత అంబాసిడర్ ఓనర్లూ.. బల్బు మార్చే ముందు ఇది చూడండి!

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు రాత్రిపూట ప్రయాణం. ఎదురుగా లారీ. సరిగ్గా అప్పుడే హెడ్‌లైట్లు ఆరిపోతే? డ్యాష్‌బోర్డు మీది స్విచ్‌ను నాలుగుసార్లు అటూ ఇటూ కదిపితే మళ్లీ వెలుగుతాయి. "పాత బండి కదా, అంతేలే" అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. కానీ అది వదిలేసే విషయం కాదు.

సినిమాల్లో సీమ అంటే గాల్లోకి లేచే సుమోలే. అసలు జిల్లా కలెక్టర్ నుంచి ఎమ్మెల్యే దాకా, పెళ్లికొడుకు నుంచి బాడుగ ట్యాక్సీ దాకా ఒకప్పుడు అందరూ తిరిగింది అంబాసిడర్‌లోనే. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1950ల చివర్లో మొదలైన ఈ కారు తయారీ, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ప్లాంట్‌లో 2014 మే నెలలో ఆగిపోయింది. బండ్లు మిగిలాయి, వాటి వైరింగ్ మాత్రం ముసలిదైపోయింది. ఏటా నలభై డిగ్రీలు దాటే మన ఎండలకు వైర్ల మీది తొడుగు బిరుసెక్కి పగులుతుంది. ఎర్రదుమ్ము స్విచ్‌లోకి దూరి కాంటాక్టుల మీద పేరుకుంటుంది.

అసలు స్విచ్ ఎందుకు కాలుతుంది?

లెక్క చిన్నదే. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు అంటే 120 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద దానికి 10 ఆంపియర్ల కరెంట్ కావాలి. పాత మోడళ్లలో ఈ కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ లోపలి నుంచే పోతుంది. కాంటాక్టులు మాడి అక్కడ ఒక్క వోల్టు నష్టపోయినా చాలు, స్విచ్‌లో 10 వాట్ల వేడి పుడుతుంది. టీవీ మెకానిక్ వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అందులో దాదాపు సగం వేడి మీ డ్యాష్‌బోర్డు వెనకాల, వైర్ల గుంపు మధ్యలో గంటల తరబడి ఉంటోందన్నమాట! వెలుతురు చాలట్లేదని 100 వాట్ల బల్బులు వేయించారా.. కరెంట్ 16 ఆంపియర్లు దాటుతుంది.

ఇంకా భయపడాల్సిన సంగతి ఒకటుంది. ఆ కాలపు వైరింగ్‌లో చాలా బండ్లకు హెడ్‌లైట్ లైన్‌లో ఫ్యూజే ఉండదు. షార్ట్ అయితే ఆపేది ఏదీ లేదు, వైరే కాలాలి.

ముందు టెస్ట్ ల్యాంప్.. తర్వాతే పానా

లైట్ రాకపోతే తప్పు స్విచ్‌దే అనుకోవద్దు. టెస్ట్ ల్యాంప్ ఒక కొసను శుభ్రమైన బాడీ ఇనుముకు పెట్టి, రెండో కొసతో స్విచ్‌కు కరెంట్ తెచ్చే వైరును తాకాలి. లూకాస్ పద్ధతి వైరింగ్‌లో అది గోధుమ రంగు. అక్కడ వెలగకపోతే లోపం స్విచ్‌ కంటే ముందే ఉంది. వెలిగితే స్విచ్‌ను మొదటి మెట్టులో పెట్టి ఎరుపు వైరు చూడాలి, ఇది పార్కింగ్, టెయిల్ లైట్లకు పోతుంది. రెండో మెట్టులో నీలం వైరు, ఇది హెడ్‌లైట్లది. లోపలికి కరెంట్ వస్తూ బయటికి పోకపోతే స్విచ్ పోయినట్టే. బయటికి కూడా వస్తుంటే బల్బు, ఎర్త్, డిప్పర్ స్విచ్ చూడాలి. పాత అంబాసిడర్‌లో డిప్పర్ క్లచ్ పక్కన కాలి కింద ఉంటుంది, చెప్పుల దుమ్మంతా దానిమీదే! మీటర్ లైట్లు ఒక్కటే రాకుంటే మాత్రం ఎరుపు మీద తెల్ల గీత ఉన్న వైరు వెంట వెతకండి. అవి చిన్న బల్బులు, చాలాసార్లు వాటి హోల్డర్ తుప్పు పట్టడమే కారణం.

ఒక మాట. ముప్పై నలభై ఏళ్లలో నాలుగు చేతులు మారిన బండిలో రంగుల్ని గుడ్డిగా నమ్మకండి. ఎర్ర వైరు అయిపోతే పచ్చది అతికించిన మేస్త్రీలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

మార్చేటప్పుడు ముందుగా బ్యాటరీ తీయాలి. ఏ టెర్మినల్ బాడీకి బిగించి ఉందో దాన్నే మొదట విప్పాలి. బాగా పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్ కూడా ఉంటుంది కాబట్టి, "నెగటివ్ తీశాం కదా" అనుకుంటే కుదరదు. ఆ తర్వాత స్విచ్ వెనక భాగాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, ఒక్కో వైరుకు టేపు చుట్టి నంబర్ రాయండి. ఈ ఐదు నిమిషాల పని చేయకే సాయంత్రం దాకా తిప్పలు పడతారు. కొన్ని మోడళ్లలో నాబ్ కింద చిన్న రంధ్రం ఉంటుంది, సన్నటి మొనతో లోపలి పిన్ను నొక్కితే నాబ్ ఊడి వస్తుంది. తర్వాత ముందువైపు రింగు నట్టు విప్పితే స్విచ్ వెనక్కి జారుతుంది. బలవంతంగా లాగితే పాత వైర్లు తెగుతాయి. నల్లబడిన లగ్గులను కోసి కొత్తవి వేయాలి, మాడిన లగ్గుకు కొత్త స్విచ్ పెడితే నెల తిరక్కుండానే అదీ మాడుతుంది.

అసలు స్విచ్ దొరకడమే ఇప్పుడు పెద్ద పని. కర్నూలు వాళ్లు బెంగళూరు జేసీ రోడ్, కడప వాళ్లు చెన్నై పుదుపేట వెతుక్కోవచ్చు, కోల్‌కతా మల్లిక్ బజార్ కూడా పాత స్పేర్లకు పేరున్నదే. దొరక్కపోతే 12 వోల్టుల డీసీకి 20 ఆంపియర్ల రేటింగ్ ఉన్న రెండు మెట్ల స్విచ్ సరిపోతుంది. ఇంట్లో ఫ్యాన్‌కు పెట్టే 6 ఆంపియర్ల స్విచ్‌ను డ్యాష్‌బోర్డు కింద బిగించేస్తారు కొందరు. అది ఏసీ కోసం చేసింది. డీసీలో ఆఫ్ చేసిన ప్రతిసారీ నిప్పురవ్వ ఎక్కువసేపు నిలిచి కాంటాక్టుల్ని తినేస్తుంది.

రిలే పెడితే స్విచ్‌కు విశ్రాంతి

ఎలాగూ విప్పారు కదా, పనిలో పనిగా రెండు రిలేలు వేయించండి. ఒకటి హైబీమ్‌కు, ఒకటి డిప్‌కు. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజ్ దాటి వచ్చిన లావు వైరు రిలేలో 30 నంబర్ పిన్నుకు, అక్కడి నుంచి 87 నుంచి బల్బులకు. పాత వైరు 86కు, ఎర్త్ 85కు. ఇక స్విచ్ మోసేది పావు ఆంపియర్ లోపే. బల్బుకు పూర్తి వోల్టేజి అందుతుంది కాబట్టి వెలుతురు కూడా పెరుగుతుంది. సెల్ఫ్ డైనమో షాపుల్లో ఏ ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడిగినా చేసిపెడతాడు. కాకపోతే "ఫ్యూజ్ ఎక్కడ పెట్టావ్?" అని దగ్గరుండి చూసుకోండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన ఉన్నవాళ్లకు ఓ సందేహం రావచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వ్యక్తిగత వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నది షరతు. స్విచ్, రిలే ఆ లెక్కలోకి రావు. అయినా తీసిన పాత స్విచ్‌ను పారేయకండి, ఆ నాబ్, రింగు మళ్లీ బజార్లో దొరకవు.