వార్తల్లో పదం: లెగసీ సిస్టమ్

సంస్థలు డిజిటల్ బాట పడుతున్నాయన్న వార్తల్లో తరచూ ఎదురయ్యే మాట ‘లెగసీ సిస్టమ్’. ఏళ్ల కిందట రాయించుకున్నా, నేటికీ రోజువారీ పనంతా మోస్తున్న పాత కంప్యూటర్ వ్యవస్థ అని అర్థం. జీతాలు, ఖాతాలు, పింఛన్లు దాని మీదే నడుస్తుంటాయి. అందుకే దాని మీద చెయ్యి వేయాలంటే అందరికీ భయం.

2020 ఏప్రిల్‌లో, కరోనా వేళ, అమెరికాలోని న్యూజెర్సీలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తాయి. వాటిని చూసే వ్యవస్థ కోబాల్‌లో రాసింది. 1959లో రూపుదిద్దుకున్న ఆ కంప్యూటర్ భాష తెలిసినవారు సాయానికి రావాలని గవర్నర్ ఫిల్ మర్ఫీ బహిరంగంగా అడగాల్సి వచ్చింది. దాని గుట్టు తెలిసినవాళ్లు చాలామంది అప్పటికే రిటైరయ్యారు మరి.

తొందరపడి మార్చినా ముప్పే. బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో 50 లక్షలకు పైగా ఖాతాదారుల వివరాలను ఒకే వారాంతంలో కొత్త వ్యవస్థకు తరలించింది. లక్షలమంది తమ సొమ్మును తామే చూసుకోలేకపోయారు. 2022లో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి.

మరి దారేది? విభాగం తర్వాత విభాగం మార్చడం, కొన్నాళ్లు పాత, కొత్త వ్యవస్థలను పక్కపక్కనే నడిపి లెక్కలు సరిచూసుకోవడం. వీటికన్నా ముఖ్యమని నాకనిపించేది, కౌంటర్లో కూర్చునే గుమాస్తాను మొదటిరోజు నుంచే పనిలో కలుపుకోవడం. ఏ గడిలో ఏం రాస్తారో, ఏ మినహాయింపు ఎందుకు వచ్చిందో చాలాసార్లు ఏ ఫైల్లోనూ ఉండదు. అది ఆమెకే తెలుసు.