గ్రాండ్ హోటల్లో జాజ్ రాత్రులు

కలకత్తా మైదానానికి ఎదురుగా, చౌరంగీ వీధిలో, తెల్లని స్తంభాల వరండాతో ఒక సుదీర్ఘమైన భవనం నిలిచి ఉన్నది. నేడు నగరం పేరు కోల్‌కతా, వీధి పేరు జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు. అయినా ఆ భవనం జనం నోట గ్రాండ్ హోటలే.

కంటికి ఒక్కటిగా కనిపించే ఈ కట్టడం నిజానికి పలు ఇండ్ల కలయిక. పంధొమ్మిదవ శతాబ్దంలో ఇక్కడి పదమూడవ నంబరు ఇల్లు కర్నల్ గ్రాండ్ అనే వ్యక్తి నివాసమట. అనంతరం అనీ మంక్ అనే దొరసాని దానిని బసగృహంగా మార్చి, సమీపంలోని ఇండ్లను కూడా కలుపుకున్నది. నడుమనున్న పదహారవ నంబరు స్థలంలో ఆరథూన్ స్టీఫెన్ అనే ఆర్మీనియను వర్తకునికి ఒక నాటకశాల ఉండేది. 1911లో అది అగ్నికి ఆహుతి కాగా, ఆయన మంక్ ఆస్తిని కూడా కొని, క్రమంగా ఈ మహాసౌధాన్ని నిర్మింపజేశాడు. 1937లో అంటువ్యాధి ప్రబలి కొందరు మరణించడంతో హోటలు మూతపడింది. ఎవరూ చేరదీయని ఆ భవనాన్ని 1938లో కౌలుకు తీసుకున్న సాహసి మోహన్ సింగ్ ఒబెరాయ్. ఒకప్పుడు ఆయన సిమ్లాలోని ఒక హోటల్లో గుమాస్తా!

ఆ హోటలు నాట్యశాలకు కీర్తి తెచ్చినవాడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి అమెరికన్. 1903లో జన్మించాడు. ఇరవై రెండు, ఇరవై మూడేండ్ల వయస్సుకే చికాగోలో ఎర్స్‌కిన్ టేట్ వాద్యబృందంలో, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సరసన పియానో వాయించినవాడు. స్వదేశంలో ఇక కీర్తి కరతలామలకం అనదగిన తరుణంలో, 1926లో, జాక్ కార్టర్ బృందంతో ఆసియాకు ఓడ ఎక్కాడు. షాంఘై, సింగపూరు, మనీలా, ఆపైన బొంబాయి తాజ్‌మహల్ హోటలు, కొలంబో – ఇట్లా సాగిన సంచారం కడకు కలకత్తాలో ఆగింది.

ఆ కాలపు అమెరికాలో నల్లవారు వాద్యం వాయించే శాలలనేకం ఉండేవి. వారిని అతిథులుగా అడుగు పెట్టనిచ్చేవి మాత్రం అరుదు. న్యూయార్కులోని హార్లెంలో 1926లో తెరచిన సవాయ్ నాట్యశాల తెల్లవారికీ నల్లవారికీ ఒకే నేలపై నాట్యమాడే అవకాశమిచ్చి చరిత్రకెక్కింది. అటువంటి దేశం నుంచి వచ్చిన వెదర్‌ఫర్డ్ కలకత్తాలో ఒక బృందానికి నాయకుడు. అందులో అమెరికన్లు, ఆంగ్లో ఇండియన్లు, గోవా క్రైస్తవులు, ఒక నేపాలీ కూడా ఉండేవారు. బర్మా నుంచి వచ్చిన వాద్యకారులకు సైతం అందులో చోటు దొరికింది. 1942లో రంగూను నుంచి కాలినడకన తరలివచ్చిన తెలుగు కుటుంబాల యాతనలు మన పెద్దలు చెప్పగా విన్నవే. అదే పెనుగాలి ఈ వాద్యకారులనూ ఇక్కడికి తోసింది.

యుద్ధకాలంలో హోటలు సైనికులతో నిండిపోయింది. అమెరికా సైన్యం తన తెల్ల దళాలను, నల్ల దళాలను అప్పటికింకా వేరుగానే ఉంచేది. ఆ విభజనను తొలగించే ఉత్తర్వు వెలువడింది 1948లో. వెదర్‌ఫర్డ్ బృందం వాద్యం మాత్రం సైనిక రేడియో ద్వారా దళభేదం లేకుండా అందరికీ వినిపించింది. వాణిజ్యనౌకలో పనిచేస్తూ వచ్చిన జిమ్మీ విథర్‌స్పూన్ అనే యువకుడు ఈ బృందంతోనే తొలిసారి పాడి, పిదప అమెరికాలో ప్రఖ్యాత బ్లూస్ గాయకుడయ్యాడు.

ఇంతవరకూ చదివి దీనినొక స్వర్ణయుగమని పాఠకులు భావించరాదు. 1943లో ఒబెరాయ్ ఈ హోటలును సొంతం చేసుకున్నాడు. అదే ఏట వంగదేశాన్ని కరవు కబళించింది. పల్లెలు విడిచి, గంజికై అర్థిస్తూ వచ్చినవారు కలకత్తా కాలిబాటలపై ప్రాణాలు విడిచారు. ఆ దృశ్యాల ఛాయాచిత్రాలను 1943 ఆగస్టులో ధైర్యంగా ప్రచురించిన స్టేట్స్‌మన్ పత్రిక కార్యాలయం ఈ హోటలుకు కూతవేటు దూరమే. కరవుకు బలియైనవారు ఇరవై నుంచి ముప్పై లక్షలని అంచనా. లోపల ట్రంపెట్లు, బయట ఆకలి కేకలు. నడుమ ఒక వరండా మాత్రమే. వాద్యకారులను నిందించడం నా అభిమతం కాదు. వారు జీతానికి వాయించేవారు. అయితే ఆనాటి రికార్డులు వినేటప్పుడు ఈ వరండాను మరచిపోవడం న్యాయం కాదు.

కరవు వెంట వచ్చిన వ్యాధులు ఏండ్ల తరబడి నగరాన్ని వీడలేదు. 1945 ఏప్రిల్ 25న కలకత్తాలోనే కలరా సోకి వెదర్‌ఫర్డ్ కన్నుమూశాడు. వయస్సు నలభై ఒకటి. మరి నాలుగు నెలలకు యుద్ధం ముగిసింది, సైనికులు ఓడలెక్కారు.

ఆ బృందంలోని నేపాలీ ట్రంపెట్ వాద్యకారుడు పుష్కర్ బహదూర్, దొరల నోటికి అనువుగా జార్జ్ బ్యాంక్స్ అని పేరు మార్చుకున్నాడు. 1970 దశకంలో, చౌరంగీ నుంచి చీలే పార్క్ స్ట్రీటులోని బ్లూ ఫాక్స్ రెస్టారెంటులో పియానో ముందు కూర్చొని జాజ్ వాయించిన లూయీ బ్యాంక్స్ ఆయన కుమారుడే.