మొదటి విల్లు కొనే ముందు

ఈ మధ్య మన కాలనీల్లో పిల్లకాయలకు విల్లు మీద మోజు ఎక్కువైంది. ఫోన్‌లో ఎవడో అమెరికావోడు అడవిలో దాక్కుని జింకను కొడతాడు, దాన్ని చూసి మనవాడు "నాయినా, నాకూ అట్లాంటిది కొనియ్యి" అంటాడు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. గనులు మూతపడినాక మరికుప్పం రైలెక్కి బెంగళూరికి పోయి సంపాదించుకొచ్చే డబ్బులు మనవి. ఆ డబ్బు విల్లు మీద పెట్టే ముందు తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని రెండు సంగతులు తెలుసుకోవాల. ఒకటి, ఆ విల్లుతో ఏం చెయ్యకూడదు. రెండోది, ఏం చెయ్యొచ్చు.

ముందు చెయ్యకూడనిది చెప్పేస్తాం. మన దేశంలో విల్లుతో వేట అనే ఆట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువులను వేటాడటం నేరం. జంతువు చచ్చిందా లేదా అన్నది లెక్కే కాదు. ఉచ్చు పెట్టినా, తరిమినా, గురిపెట్టి కొట్టబోయినా చట్టం దాన్ని వేట కిందనే చూస్తుంది. "ఒక చెవులపిల్లే కదన్నా" అంటే కుదరదు, అదీ రక్షణ ఉన్న జంతువే. కృష్ణజింక, నెమలి లాంటివి మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటి జోలికి పోతే మూడేళ్ళ నుండి ఏడేళ్ళ దాకా జైలు. విల్లుతో పాటు ఎక్కిపోయిన బండి కూడా పోతుంది. పొలంలో అడవిపంది పడి పంట పాడుచేస్తే అటవీశాఖకు చెప్పుకోవాల, వాళ్ళు రాసి ఇచ్చే అనుమతి లేకుండా మనంతట మనం కొట్టడానికి లేదు. కుర్రవాడి మీద ఒక్క కేసు పడిందంటే రేపు ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఇల్లంతా బాధపడాల.

మరి విల్లు మన రక్తంలో లేదా అంటే, ఉంది. కాళహస్తి కన్నప్పగా మనం మొక్కే తిన్నడు విల్లు పట్టిన వేటగాడే. నల్లమల చెంచులకు విల్లే బతుకుతెరువుగా ఉండేది. సంక్రాంతి వెళ్ళినాక తిరుమలలో స్వామికి పారువేట ఉత్సవం చేస్తారు. ఆ విద్య ఈపొద్దు అడవిలో కాదు, మైదానంలో బతుకుతోంది.

లింబారాం సంగతి తీసుకోండి. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి గిరిజన పల్లెలో పుట్టి, చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టల్ని కొట్టినవాడు. 1987లో ప్రభుత్వ క్రీడా సంస్థ వాళ్ళు పరీక్ష పెట్టి ఎంచుకున్నారు. మరుసటి ఏడే ఒలింపిక్స్‌కు పోయినాడు. మొత్తం మూడు ఒలింపిక్స్ ఆడి, 2012లో పద్మశ్రీ అందుకున్నాడు. రాంచీ ఆటో డ్రైవరు కూతురు దీపికా కుమారి రాళ్ళతో మామిడికాయలు రాలగొట్టి గురి నేర్చుకుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు బంగారు పతకాలు తెచ్చింది. మన తెలుగు పిల్ల, విజయవాడ వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఏకంగా మూడు బంగారాలు కొట్టింది. విజయవాడ అబ్బాయే బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా పోయినాడు. వీళ్ళెవరూ బలమైన విల్లు కొనేసి గొప్పవాళ్ళు కాలేదు. ఏళ్ళ తరబడి సాధన చేసినారు.

ఇప్పుడు విల్లు సంగతి. పోటీల్లో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఇండియన్ రౌండ్‌లో వాడే వెదురు లేదా చెక్క విల్లు, దీన్ని 30, 50 మీటర్ల దూరాల్లో వేస్తారు. మూడింట్లో ఇదే చవక. రెండోది రికర్వ్, కొసలు ముందుకు వంగి ఉంటాయి, ఒలింపిక్స్‌లో 70 మీటర్ల నుండి వేసేది ఇదే. మూడోది కాంపౌండ్, కొసలకు చక్రాలుంటాయి, 50 మీటర్ల నుండి వేస్తారు, సురేఖ వాడేది ఇదే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీం పోటీ కూడా పెడుతున్నారు. అయితే పోటీకి పనికొచ్చే కాంపౌండ్ సామానంతా కలిపితే లక్ష దాటిపోతుంది. మొదటి విల్లుగా అది వద్దు. వెదురు విల్లు గానీ, విప్పి బిగించే చెక్క రికర్వ్ గానీ చాలు. విప్పి బిగించేదైతే పిల్లోడు పెరిగే కొద్దీ పై రెక్కలు మాత్రం మార్చుకోవచ్చు, నడిమి పిడి అదే ఉంటుంది.

కొనేటప్పుడు నాలుగు చూసుకోండి.

మొదటిది కన్ను. రెండు చేతులు చాపి, అరచేతుల మధ్య చిన్న కంత మిగిల్చి, దాంట్లో నుండి దూరంగా షాఫ్ట్ మీది చక్రాన్ని చూడండి. ఒక్కో కన్నే మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు చక్రం కంతలో నిలబడుతుందో అదే మీ గురికన్ను. కుడికన్ను అయితే కుడిచేత్తో నారి లాగే విల్లు, ఎడమకన్ను అయితే ఎడమచేతి విల్లు.

రెండోది చేతుల పొడుగు. చేతులు పక్కలకు చాపి, ఈ వేలికొస నుండి ఆ వేలికొస దాకా కొలిచి, రెండున్నరతో భాగించండి. 65 అంగుళాలు వస్తే నారి లాగే పొడవు 26 అంగుళాలు. ఆ మనిషికి సుమారు 66 అంగుళాల విల్లు సరిపోతుంది.

మూడోది బలం. దీన్ని పౌండ్లలో చెబుతారు. పది పన్నెండేళ్ళ పిల్లలకు 12 నుండి 16, పెద్ద పిల్లలకు 16 నుండి 20, పెద్దవాళ్ళకు 20 నుండి 26 చాలు. విల్లు మీద రాసి ఉండే అంకె 28 అంగుళాలు లాగినప్పటిది. అంతకన్నా తక్కువ లాగితే అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది. వేట విల్లులు యాభై అరవై పౌండ్లుంటాయి. కొత్తవాడు దాన్ని లాగితే భుజం పోతుంది, గురీ రాదు. నారి గడ్డం దాకా లాగి పది లెక్కపెట్టేదాకా వణకకుండా పట్టుకోగలిగితే ఆ విల్లు మీకు సరైంది. పట్టుకున్నాక మెల్లిగా వెనక్కి దించాల. బాణం లేకుండా నారి వదిలితే విల్లు విరిగి ముఖం మీదికి వస్తుంది.

నాలుగోది బాణం. నారి లాగే పొడవు కన్నా ఒకటి రెండు అంగుళాలు ఎక్కువే ఉండాల. పొట్టి బాణం వెనక్కి జారి చేతిలో దిగుతుంది. ప్రతిసారీ వేసే ముందు పగుళ్ళున్నాయేమో చూడాల. ముంజేతికి ఆర్మ్ గార్డు, వేళ్ళకు తోలు ట్యాబు కూడా విల్లుతో పాటే కొనండి.

ఇంకొక మాట, వెయ్యడానికి చోటు. సైనైడ్ దిబ్బల దగ్గర ఖాళీగా ఉంది కదా అని అక్కడ మొదలుపెట్టొద్దు. దిబ్బ వెనక మేకలు, నడిచేవాళ్ళు, ఆడుకునే పిల్లలు కనపడరు. వదిలిన బాణాన్ని వెనక్కి పిలవలేం. వేసేవాళ్ళంతా ఒకే వరసలో నిలబడాల, అందరూ విల్లు కింద పెట్టినాకే బాణాలు తెచ్చుకోవడానికి ముందుకు పోవాల. ఇది కోచ్ ఉన్న చోటే కుదురుతుంది.

అందుకే విల్లు కొనడం కన్నా ముందు కోచ్‌ను వెతకండి. బెంగళూరులో శిక్షణ ఇచ్చేవాళ్ళున్నారు. ఆదివారం కోరమండల్‌లోనో మరికుప్పంలోనో రైలెక్కి ఒకసారి పోయి చూసిరండి. మొదటి రెండు మూడు నెలలు అక్కడి విల్లుతోనే నేర్చుకోనివ్వండి. ఆ తర్వాత కూడా పిల్లోడు తెల్లారి తనంతట లేచి బయల్దేరితే, అప్పుడు అతని కొలతకు తగినది కొనండి. జాతీయ పోటీల దాకా పోతే రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలున్నాయి. అక్కడి దాకా పోకపోయినా నిలకడ, ఓపిక నేర్చుకుంటాడు. బడిలో వ్యాయామం సారును అడిగి నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిస్తే, ఒక కోచ్‌ను నెలకు రెండుసార్లు ఇక్కడికే పిలిపించుకోవచ్చు. ఖర్చు పంచుకుంటే ఒక్కరి మీద భారం పడదు.